అమ్మతో నేపుల్స్ నాలుగు రోజులు: అక్కడే దిగాలా, రోమ్ నుంచి వెళ్ళి రావాలా?

గోదారిగట్టు | ఆగస్టు 11

అందరికీ నమస్కారం. అక్టోబర్ రెండో వారంలో ఇటలీ వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, మా అమ్మ. వీసా పాట్లు అయిపోయాయి, ఆ ఏడుపు ఇంకోసారి ఏడుస్తాను. రోమ్‌లో నాలుగు రోజులు ఖాయం. మిగిలిన నాలుగు రోజుల దగ్గరే ఇంట్లో గొడవ. స్కూల్లో పాంపే గురించి, అదే అగ్నిపర్వతం పేలి బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు, చదివిన దగ్గర్నుంచి అది చూడాలని నా కోరిక, దానికి దగ్గర కాబట్టి నేపుల్స్ అంటున్నాను. మా ఆవిడ వెనిస్ అంటోంది. ఆఫీసులో ఒకాయనేమో "నేపుల్స్‌లో మాత్రం ఉండకు, అంతా చెత్త, దొంగలు, రోమ్ నుంచి పొద్దున్నే వెళ్ళి పాంపే చూసేసి రాత్రికి వచ్చెయ్" అని భయపెట్టాడు.

అమ్మకి 63. మోకాళ్ళ నొప్పులంటుంది గానీ పోయినేడు అలిపిరి మెట్లన్నీ ఎక్కింది, కాబట్టి ఆ నొప్పుల మీద నాకు అనుమానాలున్నాయి. శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఎక్కడికి వెళ్ళినా రెండో రోజుకే పెరుగన్నం మీద బెంగ పెట్టుకుంటుంది.

దిగితే ఏ ఏరియాలో దిగాలి, అమ్మ ఏం తింటుంది, దొంగల సంగతేంటి? టెన్షన్‌గా ఉంది, చెప్పండి బాబూ.

రైలుపిచ్చి | ఆగస్టు 11

రోమ్ నుంచి నేపుల్స్‌కి ఫాస్ట్ రైలు గంటా పది నిమిషాలే. కాబట్టి కాగితం మీద మీ ఆఫీసాయన చెప్పింది కరెక్టే. కానీ లెక్క చూడండి. నేపుల్స్ సెంట్రల్‌లో దిగి, కింది అంతస్తుకి వెళ్ళి, చిర్కుమ్‌వెసువియానా అని పాతకాలం లోకల్ రైలు ఉంటుంది, అది పట్టుకుని ఇంకో 40 నిమిషాలు. పాంపే ఏమీ చిన్న కోట కాదు, 66 హెక్టార్ల ఊరు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. నీడ తక్కువ. నాలుగైదు గంటలు రాళ్ళ మీద నడిచాక అమ్మగారితో మళ్ళీ రెండు రైళ్ళు మారి రోమ్ చేరతారా? నా మాట విని నేపుల్స్‌లోనే దిగండి.

ఇంకో సంగతి, ఆ లోకల్ రైలు వేరే సంస్థది, పెద్ద రైళ్ళ టికెట్టుగానీ పాసుగానీ అందులో చెల్లవు. విడిగా కొనాలి.

ఉప్మాద్వేషి | ఆగస్టు 11

వెనిస్ అన్న మీ ఆవిడ మాట వినండి సార్. పాంపే రెండు వేల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు. కాపురం అలా కాదు.

ఓరుగల్లు_పోరడు | ఆగస్టు 12

అన్నా, నేను తొరీనోలో, అదే టురిన్‌ల, మాస్టర్స్ చేస్తున్న. పోయిన మార్చిలో ముగ్గురం దోస్తులం నేపుల్స్ పోయినం. ఊరు మస్తుంటది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తా, నా ఫోన్ పోయింది. ఓ లోకల్ రైలు, ఫుల్ రష్, ఫోన్ వెనక జేబులో పెట్టుకున్న. తలుపు దగ్గర ఇద్దరు అడ్డం నిలబడి "ఇది సొరెంతో పోతుందా" అని అడుగుతుంటే నేను తొరీనోల నేర్చుకున్న ఇటాలియన్ అంతా బయటికి తీసి వివరంగా చెప్తున్న. నా భాష వాళ్ళకు ఎంత నచ్చిందో, నేను మాట్లాడినంత సేపు విన్నరు. దిగినంక చూసుకుంటే జేబు ఖాళీ.

అయితే రాత్రి పదకొండింటికి గల్లీలల్ల తిరిగినం, ఎవ్వడూ ఏమనలే. జేబుదొంగలతోనే జాగ్రత్త, అంతకుమించి భయపడే ముచ్చట లేదు. ఆంటీ మెడల బంగారం ఉంటే మాత్రం రోమ్‌కి కూడా వేసుకురావద్దని చెప్పు. నల్లపూసలు ఉంటే చాలు.

కాఫీగ్లాసు | ఆగస్టు 12

మేము మా అత్తగారు, మామగారితో వెళ్ళాం, రెండేళ్ళయింది. ఏరియా గురించి: స్టేషన్ ఎదురుగా పియాజ్జా గారిబాల్ది చుట్టుపక్కల హోటళ్ళు చవగ్గా కనిపిస్తాయి, కానీ రాత్రిళ్ళు పెద్దవాళ్ళతో అక్కడ నాకైతే నచ్చలేదు. మేము తొలేదో, దాంతె మధ్యలో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, వంటిల్లు ఉన్నది. మెట్రో లైన్ 1 మీదే ఉంటాయి రెండూ. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందో లేదో రెండుసార్లు అడగండి, పాత ఇళ్ళు, నాలుగో అంతస్తు అంటే మనకి ఆరో అంతస్తు ఎక్కినట్టుంటుంది. కొన్ని లిఫ్టుల్లో చిల్లర వేస్తేగానీ కదలవు, నవ్వకండి, నిజం.

సూట్‌కేసు చక్రాల మీద ఆశ పెట్టుకోవద్దు. పాత ఊళ్ళో వీధులన్నీ వెసూవియస్ అగ్నిపర్వతం నల్లరాయి పలకలు. మా మామగారి సూట్‌కేసు చక్రం ఒకటి ఇప్పటికీ అక్కడే ఏదో సందులో ఉంటుంది.

తిండి గురించి మీ అమ్మగారి కోసం పెద్ద పోస్టు రాస్తాను, పిల్లల్ని పడుకోబెట్టి వస్తా.

కాఫీగ్లాసు | ఆగస్టు 12

సరే వచ్చాను. ముందు మంచి కబురు: శాకాహారులకి నేపుల్స్ స్వర్గం. అసలైన పిజ్జా పిండిలో మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్, అంతే. మార్గెరీటా అంటే టమాటా, మొజ్జరెల్లా, తులసిలాంటి బాసిల్ ఆకు. మరినారాలో చీజ్ కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. అంచులు ఉబ్బి, మధ్యలో పల్చగా, కాస్త జావగా ఉంటుంది, మన దగ్గర దొరికే కరకరలాడే పిజ్జా అనుకుని వెళ్తే "ఉడకలేదు" అంటారు ఇంట్లో వాళ్ళు. కట్టెల పొయ్యిలో నిమిషం, నిమిషంన్నర అంతే. ఈ పిజ్జా చేసే కళకి 2017లో యునెస్కో గుర్తింపు కూడా ఇచ్చింది.

మొజ్జరెల్లా ది బూఫలా అని అడగండి, గేదెపాలది. మా అత్తగారు ఆ మాట విన్నాకే ధైర్యంగా తిన్నారు. ఇక ఫ్రియారియెల్లి అని ఒక ఆకుకూర, కొంచెం చేదు, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి నూనెలో వేయిస్తారు. అచ్చం మనింటి వేపుడే. అయితే దాన్ని సాధారణంగా సాసేజ్‌తో కలిపి పెడతారు, కూర ఒక్కటే కావాలని చెప్పాలి.

ఇప్పుడు చెడ్డ కబురు. పంది కొవ్వు. చూస్తే అస్సలు అనుమానం రాని వాటిలో ఉంటుంది. తరాల్లి అని బాదంపప్పు, మిరియాలు వేసిన జంతికల్లాంటివి ఉంటాయి, బండి మీద వేడిగా అమ్ముతారు, చూడగానే మన చేగోడీ గుర్తొస్తుంది. "సున్యా ఎ పెపె" అన్నారంటే పంది కొవ్వు, మిరియాలు అని. మా మామగారు ఒక పొట్లం తిన్నాక నాకు తెలిసింది. ఆయనకి ఇప్పటికీ తెలియదు, ఇక్కడ ఎవరూ చెప్పకండి. స్ఫొల్యతెల్లా అనే పొరల మిఠాయి కూడా, పొరలు పొరలుగా ఉండే "రిచ్చా" రకంలో పాత పద్ధతి ప్రకారం ఆ కొవ్వే వేస్తారు. వేయించిన పిజ్జాలో రికోత్తా చీజ్‌తో పాటు పంది కొవ్వు ముక్కలు పెడతారు. ఎక్కడికెళ్ళినా "స్త్రుత్తో ఉందా, సున్యా ఉందా" అని అడగండి, రెండూ ఆ కొవ్వు పేర్లే.

గుడ్డు సంగతి: తాజా పాస్తాలో చాలాసార్లు ఉంటుంది, ఎండు పాస్తాలో సాధారణంగా ఉండదు. నేపుల్స్ దగ్గరే గ్రన్యానో అని ఊరు, ఎండు పాస్తాకి దేశమంతా పేరు, గోధుమ రవ్వ, నీళ్ళు తప్ప ఏమీ వేయరు. వంకాయ పార్మిజానా బావుంటుంది కానీ కొందరు వంకాయ ముక్కల్ని గుడ్డులో ముంచి వేయిస్తారు, అడగాలి. స్ఫొల్యతెల్లా లోపలి పూరణంలోనూ గుడ్డు ఉండొచ్చు. ఇక బాబా అనే కేకు రమ్‌లో నాని తేలుతుంటుంది. మీ అమ్మగారికి పెట్టి ఆనక పాపం కట్టుకోకండి.

పాతనాణెం | ఆగస్టు 13

పై పోస్టు ప్రింట్ తీసి పెట్టుకోవాల్సిందే. ఒక్కటే కలుపుతాను, పార్మెజాన్ చీజ్ గట్టిపడటానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అంత నిష్ఠగా ఉండేవాళ్ళయితే అదీ వద్దు. నా మట్టుకు నాకు ఆ సంగతి తెలియకపోతేనే బావుండేది.

గోదారిగట్టుగారూ, మీరు అడగలేదు కానీ పాంపే ఎంత ముఖ్యమో నేపుల్స్ ఆర్కియాలజీ మ్యూజియం అంత ముఖ్యం. పాంపేలో మిగిలినవి ఎక్కువగా గోడలు, వీధులు. అక్కడి అందమైనవి చాలావరకు మ్యూజియంకి తెచ్చేశారు. అలెగ్జాండర్ యుద్ధం చేస్తున్న మొజాయిక్, వెండి గిన్నెలు, మాడి బొగ్గయిన రొట్టె కూడా. గుండ్రటి రొట్టె మీద ఎనిమిది ముక్కలుగా గీతలు అలాగే ఉన్నాయి, కోసుకు తినడమే తరువాయి.

ఇంకొకటి, మనవాళ్ళు ఎవరు వెళ్ళినా చూడకుండా రాకూడనిది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో భారతదేశపు దంతపు బొమ్మ దొరికింది. 25 సెంటీమీటర్ల ఎత్తు, మెడనిండా హారాలు, కాళ్ళకి మోకాళ్ళ దాకా కడియాలు, పక్కన చెరో చిన్న పరిచారిక. "పాంపే లక్ష్మి" అంటారు కానీ లక్ష్మి కాకపోవచ్చు, యక్షి అని చాలామంది అభిప్రాయం. నెత్తి మీంచి కిందికి రంధ్రం ఉంది కాబట్టి అద్దానికి పిడిలాగానో బల్లకి కాలులాగానో వాడి ఉంటారు. వెసూవియస్ పేలింది క్రీ.శ. 79లో, కాబట్టి అంతకుముందే ఓడెక్కి అక్కడికి చేరింది.

ఓరుగల్లు_పోరడు | ఆగస్టు 13

అంటే శాతవాహనుల కాలం. మనదే!

పాతనాణెం | ఆగస్టు 13

ఆగు తమ్ముడూ. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో భోకర్దన్‌లోనూ తేర్‌లోనూ దొరికాయి, కాబట్టి దక్కన్‌లో చెక్కారని ఒక వాదన, అది శాతవాహనుల ఏలుబడిలోని నేలే. కానీ పీఠం మీద ఒక ఖరోష్ఠీ అక్షరం ఉంది, అది వాయవ్యం వైపు లిపి, అందుకని అటువైపు లాగేవాళ్ళూ ఉన్నారు. "మనదే" అని జెండా పాతేయకు. రోమ్‌తో మనకి వ్యాపారం ఉన్నమాట మాత్రం నిజం, నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి.

ఒక హెచ్చరిక. ఆ బొమ్మ ఉన్నది మ్యూజియంలోని "రహస్య గది"లో. పాంపేలో దొరికిన శృంగార చిత్రాలూ ఇంకా చెప్పకూడని ఆకారాలూ అన్నీ అక్కడే పెట్టారు. అమ్మగారిని తీసుకెళ్తారో లేదో మీ ఇష్టం.

ఉప్మాద్వేషి | ఆగస్టు 13

లక్ష్మీదేవి దర్శనానికి ఇంత కష్టమైన క్యూ ఎక్కడా చూడలేదు.

గోదారిగట్టు | ఆగస్టు 14

అందరికీ దండాలు. మా ఆవిడని ఒప్పించాను. వెనిస్ వచ్చే ఏడు అని మాటిచ్చాను, మీరే సాక్ష్యం. ప్లాన్ ఇదీ: సోమవారం మధ్యాహ్నం చేరతాం, మంగళవారం మ్యూజియం, అదే రోజు ముసుగు కప్పిన క్రీస్తు విగ్రహం, బుధవారం పాంపే, గురువారం వెసూవియస్, శుక్రవారం వెనక్కి. ఎలా ఉంది?

రైలుపిచ్చి | ఆగస్టు 14

మంగళవారం మ్యూజియంకి సెలవు. ఆ విగ్రహం ఉన్న సన్‌సెవేరో చాపెల్‌కీ మంగళవారమే సెలవు. ఒక్క రోజులో రెండు తాళాలు చూసి వచ్చేవారు!

మంగళవారం పాంపే పెట్టుకోండి. టికెట్టు పేరు మీద ఇస్తారు, రోజుకి 20,000 మందినే రానిస్తారు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. సన్‌సెవేరో టికెట్ మాత్రం ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసేయండి, అప్పటికప్పుడు వెళ్తే దొరకడం కష్టం.

రైలెక్కే చిట్కా ఒకటి. అందరూ గారిబాల్ది స్టేషన్లో ఎక్కుతారు. రైలు బయల్దేరేది మాత్రం దానికి ఒక స్టేషన్ ముందు, పోర్తా నొలానాలో. నడిచి వెళ్ళేంత దూరమే. అక్కడ ఎక్కితే అమ్మగారికి సీటు ఖాయం. సొరెంతో వైపు వెళ్ళే రైలే ఎక్కాలి, దిగాల్సిన స్టేషన్ పేరు "పాంపేయి స్కావి, విల్లా దెయ్ మిస్తేరి". పాంపే అని పేరున్న ప్రతి స్టేషనూ అది కాదు, జాగ్రత్త.

నిత్యయాత్రికురాలు | ఆగస్టు 15

నాది విరుద్ధమైన మాట. పాంపే వదిలేసి ఎర్కొలానో వెళ్ళండి, అదే హెర్కులేనియం. అదే రైలు, దారిలోనే వస్తుంది. స్టేషన్ నుంచి పది నిమిషాలు కిందికి నడక. చిన్న ఊరు, రెండు మూడు గంటల్లో నిమ్మళంగా చూడొచ్చు. పాంపే మీద బూడిద, రాళ్ళు కురిశాయి, కప్పులు కూలిపోయాయి. దీన్ని మాత్రం మండే బూడిద, వాయువు కలిసిన ప్రవాహం ముంచేసి తర్వాత రాయిలా గట్టిపడింది, 20 మీటర్ల మందాన. అందుకని మేడలు మేడలుగానే ఉన్నాయి, తలుపులు, దూలాలు, మంచం, అన్నీ బొగ్గయి నిలిచాయి. ఒడ్డున పడవల కొట్లలో దాక్కున్నవాళ్ళ ఎముకలు సుమారు 300 మందివి దొరికాయి. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

వెసూవియస్ శిఖరం 1281 మీటర్లు, బస్సు వెయ్యి మీటర్ల దాకా తీసుకెళ్తుంది, ఆపైన అరగంట గులకరాళ్ళ మీద ఎక్కుడు. కాలు జారుతుంది. మోకాళ్ళ నొప్పి నిజమైతే వద్దు.

గోదారిగట్టు | ఆగస్టు 15

రెండూ ఎందుకు కాకూడదు? మంగళవారం పాంపే, గురువారం ఎర్కొలానో. వెసూవియస్‌ని కిందనించే దణ్ణం పెట్టుకుంటాం.

కాఫీగ్లాసు | ఆగస్టు 15

భేష్. పెరుగన్నం సంగతి మర్చిపోయాను. నేపుల్స్‌లో శ్రీలంక వాళ్ళు చాలామంది ఉంటారు, మ్యూజియం చుట్టుపక్కల వాళ్ళ కొట్లు కనబడతాయి. కరివేపాకు, కొబ్బరి, సన్న బియ్యం దొరికాయి మాకు. చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి చాలు.

ఓరుగల్లు_పోరడు | ఆగస్టు 16

ఇంకొక్క ముచ్చట. తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అంటరు గదా, మాటలన్నీ అచ్చులతో అయిపోతయని. నేపుల్స్ పోతే మాత్రం వాళ్ళు ఆ చివరి అచ్చునే మింగేస్తరు. మొజ్జరెల్లాను "ముజ్జరెల్" అంటరు. క్లాసుల నేర్చుకున్న ఇటాలియన్ అక్కడ సగం పనికిరాదు. చేతులతోటి మాట్లాడు అన్నా, అది అందరికీ అర్థమైతది.

గోదారిగట్టు | అక్టోబర్ 24

వచ్చేశాం. ఎంతమందికి ఈ చర్చ గుర్తుందో తెలియదు కానీ అప్పు తీర్చుకోవాలి కదా, రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, క్షమించండి.

తొలేదో దగ్గరే దిగాం. లిఫ్ట్ ఉందని రాశారు, ఉంది, రెండో రోజు నుంచి పని చేయలేదు. ఇంటాయన వచ్చి చేతులు రెండూ గాల్లోకి ఎత్తి ఏదో అన్నాడు, అమ్మ "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అని ఆయన పక్షమే తీసుకుంది. మూడంతస్తులు రోజుకి రెండుసార్లు ఎక్కింది. మోకాళ్ళ నొప్పి మీద నా అనుమానం ఇప్పుడు నమ్మకమయింది.

మొదటి సాయంత్రం తొలేదో మెట్రో స్టేషన్‌లో దిగుతుంటే, 50 మీటర్ల లోతు, ఎస్కలేటర్ మీద పైనంతా నీలం గాజు ముక్కలు మెరుస్తుంటాయి, సముద్రంలో మునుగుతున్నట్టు. మా ఆవిడ వెనిస్ గొడవ అక్కడ కాస్త తగ్గింది. తర్వాత ఫ్యూనిక్యులర్ ఎక్కి వొమెరో కొండకి వెళ్ళాం, తాడుతో లాగే రైలు, ఊళ్ళో వాళ్ళు కూరగాయల సంచులతో మామూలు బస్సులాగా ఎక్కుతారు. పైన సాంత్ ఎల్మో కోట మీంచి చూస్తే ఊరి నడుమ గీత గీసినట్టు ఒక వీధి కనబడింది, స్పాక్కానాపొలి, "నేపుల్స్‌ని చీల్చేది" అని అర్థమట. గ్రీకులు ఊరు కట్టినప్పుడు వేసిన వీధులే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఊరి పేరే "కొత్త ఊరు" అని, నెయాపొలిస్. రెండున్నర వేల ఏళ్ళయినా కొత్త ఊరే.

రోడ్డు దాటడం గురించి ఎవరూ చెప్పలేదేంటి? రోమ్‌లో మేము కాస్త తికమక పడ్డాం, ఇక్కడ కోఠీలో దాటినట్టే చెయ్యి అడ్డం పెట్టి దాటేశాం. వెనక ఒక జర్మన్ కుటుంబం మా వెంటే నడిచి వచ్చేసింది.

పాంపే రోజు. రైలుపిచ్చిగారూ, తిట్టకండి, తప్పు రైలు ఎక్కాం. పోర్తా నొలానాకి మీరు చెప్పినట్టే వెళ్ళాం, సీట్లు దొరికాయి, ఆ సంతోషంలో బోర్డు చూడలేదు. అది సొరెంతోది కాదు, పొజ్జొమరీనో వైపు వెళ్ళేది. తర్వాత ఒక స్టేషన్ పేరు "పాంపేయి సంతువారియో" అని కనబడితే దిగేశాం. అది కొత్త ఊరు, పెద్ద మేరీమాత గుడి ఉంది. అమ్మ లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని కూర్చుంది, ఇరవై నిమిషాలు లేవలేదు. "తప్పు రైలు ఎక్కించింది ఈవిడే" అని తేల్చింది. అక్కడి నుంచి నడిచి ఆంఫీథియేటర్ వైపు గేటులోంచి లోపలికి వెళ్ళాం. అందరూ అటు చివర్నించి వస్తారు కాబట్టి ఇటు జనం తక్కువ, నిజానికి కలిసొచ్చింది.

లోపల అమ్మ గుళ్ళని, పెద్ద మేడలని చూసి ఊరుకుంది. ఒక రొట్టెల అంగడి దగ్గర మాత్రం ఆగిపోయింది. నడుము దగ్గర సన్నగా ఉన్న నల్లరాతి తిరగళ్ళు, మనిషి ఛాతీ ఎత్తున, నాలుగు నిలబెట్టి ఉన్నాయి. గాడిదలతో తిప్పేవారట. "గానుగలా తిప్పుంటారు, చూడు, చుట్టూ నేల ఎలా అరిగిందో" అని వంగి చూపించింది. పక్కనే పొయ్యి, ఇటుకల గుమ్మటం, మేము ముందురోజు రాత్రి పిజ్జా తిన్నచోట ఉన్నలాంటిదే. వీధిలో బండి చక్రాల గాడి రాతిలో బెత్తెడు లోతు. వాన నీళ్ళలో దిగకుండా దాటడానికి వీధికి అడ్డంగా ఎత్తు రాళ్ళు, వాటి మధ్య చక్రాలు పట్టేంత సందు. నేను బూడిదలో మిగిలిన మనుషుల పోతలు చూడాలనే ఇంత దూరం వెళ్ళాను. శరీరాలు మట్టిలో కలిసిపోయాక బూడిదలో మిగిలిన ఖాళీల్లో 1863 నుంచి ప్లాస్టర్ పోసి తీసినవట. ఒకతను మోకాళ్ళు మడుచుకుని మొహం కప్పుకుని ఉన్నాడు. అమ్మ చూడనంది, బయట నిలబడింది. నేను కూడా ఫొటో తీయలేదు.

గోదారిగట్టు | అక్టోబర్ 24

కొనసాగింపు. బుధవారం ముందు మ్యూజియం. రహస్య గది ముందు మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మకి "లోపల మన దేశం బొమ్మ ఉంది, కానీ మిగతావి కాస్త..." అని నసిగాను. "ఏవిరా, ఖజురహోకి మీ నాన్నతో వెళ్ళానుగా" అని ముందు ఆవిడే నడిచింది. గాజు పెట్టెలో చిన్నగా ఉంది బొమ్మ. అమ్మ ఆ కడియాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పాతనాణెంగారూ, మీరు చెప్పకపోతే అటు వెళ్ళేవాళ్ళమే కాదు.

ముసుగు కప్పిన క్రీస్తు గురించి ఏం రాయాలో తెలియదు. 1753లో సన్‌మార్తీనో అనే శిల్పి చెక్కాడు, ఒకటే పాలరాయి. "తడిగుడ్డ కప్పారు, ఎప్పుడు తీస్తారు" అని అమ్మ గుసగుసగా అడిగింది. నిజం గుడ్డనే రసవిద్యతో రాయిగా మార్చారని ఆ కాలంలో పుకారు పుట్టిందంటే నాకు వింతనిపించలేదు. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే.

తిండి: నాలుగు రోజుల్లో అమ్మ ఆరు మరినారాలు తిన్నది. చీజ్ లేకుండా, ఎండుమిర్చి నూనె పోసుకుని. "ఇది పిజ్జా కాదు, టమాటా పచ్చడి వేసిన రొట్టె" అని ఆవిడ తీర్పు, కానీ అదే కావాలంది ప్రతిసారీ. తరాల్లి బండి దగ్గర నేను "సున్యా?" అని అడిగితే అతను గర్వంగా "సీ, సీ, సున్యా!" అన్నాడు. పారిపోయాం. కాఫీగ్లాసుగారూ, మీ మామగారి రహస్యం మా దగ్గర భద్రం.

కాఫీ కథ చెప్పాలి. బార్‌లో నిలబడి తాగాలి, కూర్చుంటే ఎక్కువ తీసుకుంటారు. ముందు చిన్న గ్లాసు నీళ్ళు ఇచ్చారు, నోరు శుభ్రం చేసుకోవడానికట. తర్వాత గుక్కెడు కాఫీ. అమ్మ కప్పులోకి చూసి "డికాషన్ ఇచ్చాడు, పాలేవి?" అంది. మర్నాడు ఒక గిన్నెల కొట్లో అల్యూమినియం కాఫీ పాత్ర చూసింది, కుక్కుమెల్లా అంటారు. కింద నీళ్ళు, మధ్యలో చిల్లుల గిన్నెలో పొడి, నీళ్ళు మరిగాక మొత్తం తలకిందులు చేస్తే చుక్కచుక్కగా దిగుతుంది. మూత తీసి, చిల్లుల వైపు కన్నుపెట్టి చూసి, "మన ఫిల్టరేరా, వీళ్ళు బోర్లిస్తున్నారంతే" అంది. కొనిపించింది. రాజమండ్రిలో ఇప్పుడు ఆవిడ దాంట్లోనే వేస్తోంది, చికోరీ కలిపి.

కాఫీగ్లాసు | అక్టోబర్ 24

నా పేరుకి తగ్గ పోస్టు ఇది. ఎంతయింది ఆ పాత్ర? ఎర్కొలానో సంగతి రాయలేదేం?

గోదారిగట్టు | అక్టోబర్ 25

పాత్ర అమ్మ బేరమాడింది, తెలుగులోనే. పాతిక యూరోలు చెప్పి ఇరవైకి ఇచ్చాడు.

ఎర్కొలానో రోజు వాన, సగమే చూశాం. వానకి ఒక మేడ కింద నిలబడితే పైన బొగ్గయిన దూలం. రెండు వేల ఏళ్ళ కప్పు మమ్మల్ని తడవకుండా కాపాడింది అనుకున్నాను, సరిగ్గా అప్పుడే మెడ మీద చుక్క పడింది.

సాన్ గ్రెగోరియో ఆర్మేనో వీధి గురించి ఎవరూ చెప్పలేదు, అది మాత్రం మా ఇంట్లో అందరికీ ఎక్కువ నచ్చింది. క్రిస్మస్‌కి ఏసు పుట్టిన పాకని బొమ్మలతో పేరుస్తారు కదా, ఆ బొమ్మలు చేసేవాళ్ళ వీధి. కానీ పాక ఒక మూలన, చుట్టూ ఊరంతా ఉంటుంది: చేపలమ్మేవాడు, బట్టలుతికే ఆవిడ, పొయ్యి దగ్గర పిజ్జావాడు, వాడి చెయ్యి మోటారుతో కదులుతుంటుంది. ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా బొమ్మ లేని కొట్టు లేదు. అమ్మకి వెంటనే అర్థమైపోయింది, "బొమ్మల కొలువే". పిజ్జావాణ్ణి ఒకణ్ణి కొన్నది. సంక్రాంతికి కొలువులో మన చెట్టి, చెట్టెమ్మల పక్కన వాణ్ణి కూర్చోబెడుతుందట.

ఓరుగల్లు_పోరడు | అక్టోబర్ 25

సూపర్ అన్నా. ఫోన్ భద్రమేనా?

గోదారిగట్టు | అక్టోబర్ 25

ఫోన్లు భద్రం. అమ్మ గొడుగు పోయింది, అది కూడా రోమ్‌లో.

గులకరాయి | నవంబర్ 2

కొత్త సభ్యురాలిని. ఈ చర్చ మొత్తం చదివాను. మేము డిసెంబర్ మధ్యలో వెళ్దామనుకుంటున్నాం, ఆరేళ్ళ పాపతో. ఆ బొమ్మల వీధి అప్పుడు ఎలా ఉంటుంది? చలికాలంలో పాంపే తెరిచే ఉంటుందా?

నిత్యయాత్రికురాలు | నవంబర్ 2

పాంపే ఉంటుంది కానీ చలికాలం గేట్లు తొందరగా మూస్తారు, మధ్యాహ్నం అయ్యాక వెళ్తే దండగ. బొమ్మల వీధిలో డిసెంబర్‌లో కాలు పెట్టే సందుండదు, పొద్దున్న తొమ్మిదికే వెళ్ళండి, సాయంత్రం పాపని భుజాల మీద ఎక్కించుకోవాల్సి వస్తుంది. డిసెంబర్ 16కి అక్కడుంటే పెద్ద చర్చికి వెళ్ళండి, ఊరిని కాపాడే సెయింటు సాన్ జెన్నారో గడ్డకట్టిన రక్తం సీసాలో కరుగుతుందని చూడటానికి ఏడాదికి మూడుసార్లు జనం చేరతారు, అందులో అదొక రోజు. కరగకపోతే ఊరికి అరిష్టమని నమ్మకం, కాబట్టి ఆ రోజు ఎవరితోనూ బేరాలాడకండి.